వట్టి మనిషి కాదు: తొలి నెలలలో గర్భిణి కదలిక, విశ్రాంతి

నెల తప్పిన స్త్రీని గూర్చి తెలుగునాట ఒక చక్కని మాట కలదు: “ఆమె ఇప్పుడు వట్టి మనిషి కాదు.” ఈ మాటలో ఆదరము కలదు, జాగ్రత్తయు కలదు. అయితే ఈ ఒక్క మాటయే రెండు ఇండ్లలో రెండు విధములుగా అమలు జరుగుచున్నది. పట్టణమున కొంత కలిగిన కుటుంబములో “వట్టి మనిషివి కాదు, మంచము దిగవద్దు” అని కోడలిని కూర్చుండబెట్టుదురు. కూలికి పోవు ఇంటిలో ఆ మాట నోటితో అందురే కాని, నాట్ల కాలము వచ్చినప్పుడు ఆ పిల్లయు తక్కినవారితోపాటు బురదలో వంగియే యుండును. ఒకరికి కదలిక లేదు. మరియొకరికి విరామము లేదు. ఈ రెండును తగవు. తొలి మూడు నెలలలో ఆరోగ్యవతియైన గర్భిణికి కావలసినది మితమైన కదలిక, దానితోపాటు ఆ మితమును తన శరీరమును బట్టి తానే నిర్ణయించుకొను స్వేచ్ఛ. ఇదియే నేనిక్కడ చెప్పదలచిన సంగతి.

మాటలలోని చిక్కు

ఆరోగ్య విషయములపై వైద్యులు ఆంగ్లమున వ్రాసినవానిని తెనిగించుట నా ఉద్యోగము. నేను వైద్యురాలను కాను. అయినను ఈ పనిలో ఇన్నేండ్లు గడపిన మీదట నాకు బోధపడినది ఒకటి కలదు: వైద్యులు చెప్పిన హితము కొన్నిసార్లు మా అనువాదములోనే దారి తప్పుచుండును.

గర్భిణులు ‘ఎక్సర్‌సైజు’ చేయుట మంచిదని మూలములో ఉండును. దానిని మేము ‘వ్యాయామము’ అని వ్రాయుదుము. ఆ మాట వినగానే మన కన్నుల యెదుట నిలుచునది తాలింఖానా, సాముగరిడీలు, దండీలు, బస్కీలు. “కడుపుతో ఉన్న పిల్ల సాము చేస్తుందా?” అని ఒక అత్తగారు నవ్వినచో తప్పు ఆమెది కాదు. అట్లే మూలములో ‘రెస్టు’ అని ఉండును. పని నడుమ కొంతసేపు కూర్చుండుట, రాత్రి చాలినంత నిద్రపోవుట అని దాని భావము. మేము ‘విశ్రాంతి’ అని వ్రాయుదుము. ఇంటిలో అది మంచముగా మారును.

ఈ చిక్కు క్రొత్తది కాదు. గర్భము నిలిచిన దినము మొదలు గర్భిణి వర్జింపవలసినవానిలో వ్యాయామమును గూడ సుశ్రుతసంహిత చేర్చినది. దానిని చూపి, కదలికయే నిషిద్ధమని వాదించు పెద్దలు నేటికిని కలరు. కాని ఆ గ్రంథములోనే వ్యాయామమునకు ఇచ్చిన అర్థము శరీరమునకు ఆయాసము పుట్టించు పని యని. ఆయాసపడరాదని ఆనాటివారు చెప్పిరి. ఆయాసపడకుండ కదలుడని నేటి వైద్యులు చెప్పుచున్నారు. ఈ రెంటికి వైరము ఉన్నట్లు నాకు తోచదు. సాయంకాలము చల్లబడిన తరువాత వీధిచివరి గుడి వరకు నడచి వచ్చుట ఏ శాస్త్రము ప్రకారమును ఆయాసము కాదు.

డాబా మెట్లు

అయితే చిక్కంతయు మాటలలోనే లేదు. దాని వెనుక ఒక భయము కలదు. ఆ భయము ఎంతటిదో మా ఇంటిలోనే చూచితిని.

సుమారు ఇరువది ఏండ్ల క్రిందట మా వదినకు ఎనిమిదవ వారమున కడుపు పోయినది. అంతకు రెండు దినముల ముందు ఉతికిన బట్టలు ఆరవేయుటకు ఆమె డాబా ఎక్కియుండెను. మా అమ్మ ఆమె తల నిమురుచు, “చెప్తే విన్నావా తల్లీ, మెట్లెక్కవద్దంటినే” అన్నది. అది కోపముతో అన్న మాట కాదు. ఏడ్చుచు అన్న మాట. అయినను ఆ మాట మా వదిన మనస్సులో నాటుకొన్నది. మరుసటిసారి నెల తప్పినప్పుడు ఆమె తనంతట తానే అయిదు నెలలు మంచము పట్టినది. బిడ్డ క్షేమముగ పుట్టినది. మంచమే కాపాడినదని ఇంటిల్లిపాదియు నమ్మిరి. దానితో మొదటి బిడ్డను మెట్లే తీసికొన్నవను నమ్మకము మరింత గట్టిపడినది.

కొన్నేండ్ల తరువాత గర్భస్రావమును గూర్చిన ఒక వ్యాసమును తెనిగించు పని నాకు వచ్చినది. అందులోని విషయము ఇది. గర్భము నిలిచినట్లు తెలిసిన ప్రతి నూరుమందిలో పదిమంది మొదలు ఇరువదిమంది వరకు దానిని కోల్పోవుచున్నారు. ఇందులో ఎక్కువ భాగము తొలి మూడు నెలలలోనే జరుగును. అట్లు పోయినవానిలో సుమారు సగమునకు, అంతకు మించియు, కారణము పిండములోని క్రోమోజోముల సంఖ్యలో పొరపాటు. ఆ పొరపాటు తల్లి మెట్లెక్కుటచేత వచ్చునది కాదు. ఆమెకు నెల తప్పినట్లు తెలియుటకు ముందే జరిగిపోయినది. మంచముపై పరుండుట గర్భస్రావమును ఆపునని చూపు ఆధారమును పరిశోధకులకు దొరకలేదు. పైగా దీర్ఘకాలము కదలక పరుండినచో కాలి సిరలలో రక్తము గడ్డకట్టు ప్రమాదము హెచ్చును, కండలు నీరసించును.

ఆ భాగమును నేను వదినకు చదివి వినిపించితిని. ఆమె చాలసేపు మాటాడలేదు. తరువాత, “ఈ మాట అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది” అని మాత్రము అన్నది.

గర్భము పోయినప్పుడు “ఏమి చేసినావు?” అను ప్రశ్న మొదట తల్లికే ఎదురగుచున్నది. నీళ్ళు తోడితివా, బస్సెక్కితివా, వంగి ముగ్గు పెట్టితివా అని ఆరా తీయుదురు. ఈ ప్రశ్నలవలన పోయిన బిడ్డ రాదు. ఉన్న తల్లి కృశించును. కావున తొలి నెలలలో ఎంత కదలవచ్చునో సరిగ తెలిసికొనుట ఆరోగ్యమునకే కాదు, అకారణమైన నింద తొలగుటకు గూడ అవసరము.

తొలి నెలలలో లోపల జరుగునది

తొలి పండ్రెండు వారములు గర్భాశయము కటి ఎముకల మధ్యనే ఒదిగియుండును. నడచుట, వంగుట, మెట్లెక్కుట అను సాధారణ చలనములకు అది అదరిపోదు. పైకి కడుపు కనబడకున్నను లోపల మార్పులు అప్పటికే ఆరంభమైయుండును. ఆరు, ఎనిమిది వారముల నాటికే రక్తపరిమాణము పెరుగ నారంభించును. గుండె మునుపటికంటె వేగముగ కొట్టుకొనును. శ్వాస లోతగును. కూర్చున్నచోటి నుండి చప్పున లేచినచో తల తిరుగవచ్చును. కీళ్ళను పట్టియుంచు బంధనములు కొంత సడలును. వీనికి తోడు వేవిళ్ళు. మునుపు సునాయాసముగ చేసిన పనికే ఇప్పుడు అలసట కలుగుటకు కారణములివి. ఇది సోమరితనము కాదు, నటన కాదు. ఈ సంగతి ఇంటివారందరును గుర్తింపవలెను.

ఈ దశలో మితమైన కదలికవలన హాని కలుగునా యని వైద్యులు చాలకాలము సందేహించిరి. అమెరికాలోని ప్రసూతి, స్త్రీవైద్య నిపుణుల సంస్థ 1985లో ఒక నియమము చేసెను: గర్భిణి గుండె నిమిషమునకు 140 సార్లకు మించి కొట్టుకొనరాదు, తీవ్రమైన వ్యాయామము 15 నిమిషములు దాటరాదు. ఆ హద్దులకు తగిన ఆధారము లేదని గ్రహించి 1994లో ఆ సంస్థయే వానిని తొలగించెను. 2019లో కెనడా దేశపు నిపుణులు ప్రకటించిన సూచనలు అప్పటివరకు జరిగిన పరిశోధనలన్నిటిని వడపోసి చెప్పినవి. మితమైన వ్యాయామమువలన గర్భస్రావము హెచ్చుటలేదని తేలినది. పైగా గర్భకాలమున వచ్చు మధుమేహము, రక్తపు పోటు సుమారు 40 శాతము వరకు తగ్గునని వారు చెప్పిరి. మన దేశపు స్త్రీలలో గర్భకాల మధుమేహము హెచ్చుగ కనబడుచున్నందున ఈ మాట మనకు మరింత వర్తించును.

వేరొక విధమైన ఫలితమును గూడ దాచక చెప్పవలెను. డెన్మార్కులో వేలకొలది గర్భిణులను పరిశీలించి 2007లో ప్రకటించిన ఒక అధ్యయనములో, తొలి నెలలలో ఎగురుట, పరుగెత్తుట వంటి కుదుపు వ్యాయామములను హెచ్చుగ చేసినవారిలో గర్భస్రావములు ఎక్కువగ కనబడినవి. అయితే కొందరిని ప్రశ్నించినది గర్భము పోయిన తరువాతనే గనుక, వారి జ్ఞాపకము దుఃఖముచేత మారియుండవచ్చునని, ఫలితమును జాగ్రత్తతో గ్రహింపవలెనని ఆ పరిశోధకులే హెచ్చరించిరి. నేను దీనినుండి గ్రహించినది ఇంతయే: నడకకు భయపడ నక్కరలేదు, అలవాటు లేని ఎగుళ్ళు, దూకుళ్ళు ఈ నెలలలో క్రొత్తగ మొదలిడ నక్కరయు లేదు.

మితమనగా ఎంత?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారము, వైద్యపరమైన ఆటంకము లేని గర్భిణికి వారమునకు 150 నిమిషముల మితమైన కదలిక మంచిది. అనగా వారమున అయిదు దినములు, దినమునకు అరగంట. ఆ అరగంట ఒక్కసారిగ కానక్కరలేదు. ఉదయము పది నిమిషములు, సాయంకాలము పది, రాత్రి భోజనానంతరము పది అయినను చాలును. ఇంతవరకు అలవాటు లేనివారు పది నిమిషములతో మొదలిడి, వారమువారమునకు కొంచెము పెంచుకొనవలెను.

మితమును కొలుచుటకు యంత్రమక్కరలేదు. నడచుచు ప్రక్కవారితో మాటాడగలుగవలెను. పాట పాడుటకు మాత్రము ఊపిరి చాలకుండవలెను. మాటయే తెగిపోవుచున్నచో వేగము ఎక్కువైనదని అర్థము. పాట తీయగ సాగుచున్నచో ఇంకను కొంచెము చురుకుగ నడువవచ్చును.

నడక అన్నిటికంటె సులభము. ఈత వచ్చినవారు శుభ్రమైన నీటిలో ఈదవచ్చును. యోగాభ్యాసము అలవాటున్నవారు తాడాసనము, బద్ధకోణాసనము వంటి సులభాసనములు చేయవచ్చును. ఊపిరి బిగబట్టు కుంభకము, కడుపును వేగముగ కుదుపు కపాలభాతి, తలక్రిందుగ నిలుచు ఆసనములు వదలవలెను. మూత్రమును ఆపుకొనుటకు బిగించు కండలను కొన్ని క్షణములు బిగించి వదలుట ఒక మేలైన అభ్యాసము. దీనిని కూర్చున్నచోటనే దినమునకు కొన్ని మారులు చేయవచ్చును. దీనివలన ప్రసవానంతరము మూత్రము జారు బాధ తగ్గును. ఇదివరకే పరుగు గాని, బరువులెత్తు వ్యాయామము గాని అలవాటున్నవారు వైద్యుని అడిగి, తీవ్రత తగ్గించి కొనసాగింపవచ్చును. పడిపోవుటకు, కడుపునకు దెబ్బ తగులుటకు అవకాశమున్న ఆటలు మాత్రము పనికిరావు.

వేవిళ్ళు ఉదయమున బాధించినచో నడకను సాయంకాలమునకు మార్చుకొనవచ్చును. రోజంతయు బాధించినచో ఆ దినమునకు మానివేయవచ్చును. మానినందువలన నష్టము లేదు. నడకకు ముందు ఏదైన కొంచెము తిని, వెంట నీళ్ళు ఉంచుకొనవలెను.

మన ప్రాంతమున ఎండను గూర్చి ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. ఆఖరి ముట్టు మొదలైన దినమునుండి లెక్కించిన ఆరవ వారము నాటికి బిడ్డ మెదడు, వెన్నుపాములకు మూలమైన నాళము మూసికొనును. ఆ దినములలో తల్లి శరీరము 39 డిగ్రీల సెంటిగ్రేడుకు మించి కాగుట మంచిది కాదని వైద్యులు హెచ్చరించుచున్నారు. మితమైన నడకచేత శరీరము అంతగా కాగదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో శ్రమించినచో కాగవచ్చును. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల వేసవిలో ప్రొద్దెక్కిన తరువాత నడువరాదు. జ్వరమున్న దినమున అసలే వలదు.

ఎవరు ముందుగ అడుగవలెను, ఎప్పుడు ఆగవలెను?

గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, అదుపులో లేని మధుమేహము, థైరాయిడు లేక మూర్ఛవ్యాధి ఉన్నవారు, మునుపు పలుమార్లు గర్భము పోయినవారు, గర్భాశయ ముఖము బలహీనమని చెప్పబడినవారు, ప్రస్తుతము రక్తస్రావమున్నవారు వైద్యుని అనుమతి లేక వ్యాయామము మొదలిడరాదు. రక్తహీనతను గూర్చి వేరుగ చెప్పవలెను. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు గర్భిణులలో 52.2 శాతము మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. కావున నడక మొదలిడుటకు ముందే హీమోగ్లోబిన్ పరీక్ష చేయించుకొనుట వివేకము. అది 7 గ్రాములకంటె తక్కువైనచో ముందు చికిత్స, నడక తరువాత. పండ్రెండు వారములు దాటకముందే ఆరోగ్య కేంద్రములో పేరు నమోదు చేయించుకొన్నచో ఈ పరీక్షలు సకాలమున జరుగును. “మూడో నెల వెళ్ళేదాకా ఎవరికీ చెప్పకూడదు” అను ఆచారమును పాటించువారు ఊరికి చెప్పకున్నను, నర్సమ్మకు గాని ఆశా కార్యకర్తకు గాని చెప్పవలెను.

రక్తము కనబడుట, పొత్తికడుపులో నొప్పి, తల తిరుగుట, ఛాతీలో నొప్పి, కూర్చున్నను తగ్గని ఆయాసము, ఒక పిక్క వాచి నొప్పి పుట్టుట అను గుర్తులలో ఏ ఒక్కటి కనబడినను వెంటనే ఆపి వైద్యుని చూడవలెను. కడుపులో ఒక ప్రక్క తీవ్రమైన నొప్పి పుట్టి కండ్లు చీకట్లు క్రమ్మినచో ఒక్క గంటయు ఆలసింపక ఆసుపత్రికి చేర్పవలెను. గర్భాశయము వెలుపల గర్భము నిలిచినప్పుడు అట్లు జరుగును, అది ప్రాణాపాయము.

చాకిరి వ్యాయామము కాదు

ఇంతవరకు చెప్పినది కదలిక చాలనివారికి. ఇక రెండవ ఇంటి సంగతి. “మా కాలములో కడుపుతో ఉండి నాట్లు వేయలేదా, వడ్లు దంచలేదా, పిల్లలను కనలేదా?” అని పెద్దలు అడుగుదురు. వేసినారు, దంచినారు, కన్నారు, నిజమే. కాని పోగొట్టుకొన్నవారిని, తక్కువ బరువు బిడ్డలను కన్నవారిని ఆనాడు ఎవరు లెక్కించిరి? పుణె సమీప గ్రామములలోని గర్భిణులపై జరిగిన ఒక అధ్యయనము దీనికి కొంత సమాధానమిచ్చుచున్నది. పొలము పని, నీళ్ళు మోయుట, ఇంటి పని అన్నియు లెక్కవేయగా, పనిభారము హెచ్చుగ ఉన్న తల్లుల బిడ్డలు పుట్టుకలో చిన్నగ ఉన్నట్లు 2003లో ప్రకటించిరి.

వ్యాయామమునకు, చాకిరికి భేదమేమి? వ్యాయామము అలసినప్పుడు ఆపివేయవచ్చును. చాకిరి మేస్త్రి ఆపుమన్నప్పుడే ఆగును. వ్యాయామమునకు ముందు తిందురు. చాకిరి ఆకలితోనే సాగును. పదునైదు లీటర్ల బిందె నీళ్ళు, బిందె బరువు గాక పదునైదు కిలోలు. దానిని దినమునకు నాలుగైదు మారులు మోయు స్త్రీకి “నడక మంచిది” అని బోధించుట పరిహాసము. ఆమెకు చెప్పవలసినది నడువుమని కాదు. ఆమె బిందెను మరియొకరు ఎత్తవలెనని ఆ ఇంటి మగవారికి చెప్పవలెను.

1961లో పార్లమెంటు చేసిన ప్రసూతి ప్రయోజన చట్టము, గర్భిణి కోరినచో ఆమెచేత కఠినమైన పని గాని, చాలసేపు నిలుచుండి చేయు పని గాని చేయింపరాదని శాసించెను. మంచి నియమమే. అయితే అది వర్తించునది ప్రసవమునకు ముందటి చివరి పది వారములకే. కడుపు బయటపడని తొలి నెలలలో, వేవిళ్ళతో అన్నము సహింపని దినములలో, ఆ నియమము ఆమెను ఎరుగదు. పొలములోని కూలికి ఆ చట్టపు నీడయే సోకదు. తొలి మూడు నెలలలోను ఆమె అడిగినచో తేలిక పని ఇచ్చు ఏర్పాటు ఉండవలెనని నా అభిప్రాయము. అది చట్టములోనికి వచ్చునంతవరకు, రైతులును మేస్త్రీలును తమంతట తామే కలుపుతీతకు బదులు నీడపట్టు పని అప్పగింపవచ్చును, గంటకొకసారి కూర్చుండనీయవచ్చును. దీనికి పెద్ద ఖర్చు లేదు.

పట్టణపు ఇంటిలో కోడలి చేయిపట్టి నడకకు తీసికొనిపోవుట, పల్లె ఇంటిలో కోడలి చేతినుండి బిందె అందుకొనుట: ఈ రెండును ఒకే జాగ్రత్త. ఇంత చేసిన తరువాతను ఒకవేళ గర్భము నిలువకపోయినచో, ఆ ఇంటివారు ఆమెను అడుగవలసిన ప్రశ్న “ఏమి చేసినావు?” అని కాదు, “ఏమైనా తిన్నావా, తల్లీ?” అని.